మాటల్లేని వేషం వద్దండీ

విజయవాడ బడుల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్లందరికీ,

నమస్కారం.

నేనుండేది పటమట. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉంది. మావాడు రెండో తరగతి. వాడికి నత్తి. నాకూ నత్తే. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇదంతా నోటితో చెప్పాలంటే పేరెంట్స్ మీటింగ్ అయిపోయి, కుర్చీలు సర్దేసి, వాచ్‌మన్ వచ్చి తాళాలు గలగలలాడించే వేళకి కూడా నేను రెండో వాక్యంలోనే ఉంటాను.

మొన్న దసరా సెలవులయ్యాక బడి తెరిచారు. రెండో రోజు సాయంత్రం గేటు దగ్గర మావాడి క్లాస్ టీచర్ గారు నన్ను పక్కకు పిలిచారు. బడి పేరు రాయను, ఆవిడ పేరూ రాయను. ఆవిడ మంచి మనిషి, వాడి టిఫిన్ డబ్బా మూత రాకపోతే తనే తీసి పెడతారు. నవంబర్ 14న బాలల దినోత్సవానికి రెండో తరగతి పిల్లలు తలా ఒక పద్యం చెప్తున్నారట. "మీవాడు పాపం స్టేజీ మీద ఇబ్బంది పడతాడు కదండీ. ఎవరైనా నవ్వితే చిన్నబుచ్చుకుంటాడు. అందుకని చెట్టు వేషానికి పెట్టాను. మాటలుండవు. ఆకులు కట్టుకుని నిలబడితే చాలు" అన్నారు.

నేను థాంక్స్ చెప్పబోయాను. 'థ' దగ్గరే ఆగిపోయింది. ఆవిడ "పర్లేదండీ, పర్లేదు" అని చెయ్యి ఊపి, ఇంకో పేరెంట్ వైపు తిరిగారు. బండెక్కాక మావాడు వెనక నుంచి అడిగాడు, చెట్టుకి డైలాగ్ ఉంటుందా అని. ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి మా సందు మలుపు వచ్చేసింది. ఉండదు అని చెప్పాను. వాడు ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రంతా ఆవిడ మాటలో తప్పెక్కడుందా అని వెతికాను. దొరకలేదు. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు, లేదా వాడి ఖర్మ అని ఊరుకోవచ్చు. ప్రేమతో అన్న మాట గుచ్చుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుంటే, "మీ మంచికే కదండీ అన్నది" అంటారు. నిజమే, మంచికే.

నా సంగతి కొంచెం చెప్పనివ్వండి. నా కొట్టులో అమ్మేవి బేరింగులు, బుష్‌లు, బోల్టులు, పిస్టన్ రింగులు, కమాన్ కట్టలు. నా గొంతుకు పడని అక్షరాలు 'బ', 'ప', 'క'. ఏరికోరి ఈ వ్యాపారంలోకి ఎందుకొచ్చావురా అంటే మా నాన్న కొట్టు మరి, ఏం చేయను.

పక్క షెడ్డులో గేర్‌బాక్సులు దించే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా రోజూ వస్తాడు. నేను 'బేరింగ్' దగ్గర ఆగిపోతే, "ఏంటన్నా, సెల్ఫ్ తీసుకోవట్లేదా? తొయ్యమంటావా?" అంటాడు. కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కొత్తవాళ్లెవరైనా వింటే ఎంత మాటన్నాడు అనుకుంటారు. అదే కొట్టుకి నాలుగైదు లారీలున్న పెద్దమనిషి ఒకాయన వస్తాడు. నేను ఆగగానే చూపు ఫోన్ మీదకు తిప్పుకుంటాడు. "బేరింగేగా, ఇచ్చేయండి, మీరు శ్రమపడకండి" అంటాడు. ఎంతో మర్యాద. ఆయన వెళ్లాక నేను ఒక గ్లాసు మంచినీళ్లు తాగుతాను.

వెక్కిరించినవాడంటే ఇష్టమేంటి, మర్యాదిచ్చిన ఆయనంటే కడుపులో తిప్పడమేంటి అని నాకే విచిత్రంగా ఉండేది. ఒకరోజు గమనించాను. మేస్త్రి జోకు వేశాక గ్రీజు చెయ్యి కౌంటర్ మీద పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడతాడు. ఆరు, రెండు, సున్నా, ఆరు అని బేరింగ్ నంబరు మొత్తం నా నోటి నుంచి వచ్చేదాకా కదలడు. ఆ నంబరు ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా అందించడు.

ఇది చదివి పిల్లల్ని వెక్కిరించినా పర్వాలేదంటున్నాడు అనుకునేరు. ఇరవై ఏళ్ల చనువు వేరు, ఏడేళ్ల పిల్లాడు వేరు.

నేను చదువుకునే రోజుల్లో బస్టాండ్ నుంచి ఇంటికి సిటీ బస్సులో వచ్చేవాణ్ని. దిగాల్సింది పటమటలో. కండక్టర్ వచ్చి చెయ్యి చాపితే 'ప' రాదు. వెనకాల జనం, కండక్టర్ చేతిలో టికెట్ల కట్ట, టెన్షన్. 'ఆటోనగర్' అనేసేవాణ్ని, అచ్చు కాబట్టి వచ్చేస్తుంది. ఎక్కువ డబ్బులిచ్చి దూరం టికెట్ తీసుకుని పటమటలోనే దిగిపోయేవాణ్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది ఇదే పని చేస్తారు. రాని మాటను దాటుకుంటూ వచ్చే మాట వెతుక్కుంటారు. హోటల్లో పెసరట్టు తినాలనుండి ఇడ్లీ చెప్పుకుంటారు. మీ క్లాసులో "తెలీదు సార్" అని కూర్చునే పిల్లల్లో ఒకడికి జవాబు తెలిసే ఉండొచ్చు.

అన్నట్టు, లెక్క కూడా చెప్పాలి. పెద్దవాళ్లలో సుమారు వంద మందికి ఒకరికి నత్తి ఉంటుంది. మన ఊరు పది లక్షలు ఎప్పుడో దాటింది కాబట్టి ఇక్కడే మాబోటివాళ్లు పదివేల మంది ఉండాలి. వాళ్లంతా ఏరి అంటారా? ఇడ్లీ తింటున్నారు. పిల్లల్లో ఇంకా ఎక్కువ, నూటికి కనీసం ఐదుగురికి ఏదో ఒక వయసులో వస్తుంది. సాధారణంగా రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య మొదలై, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. కొందరికి ఉండిపోతుంది, మగపిల్లల్లో ఎక్కువ. ఇంట్లో ఇంకొకరికి ఉన్నా, ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా స్పీచ్ థెరపిస్టు దగ్గరకు తీసుకెళ్లడం మంచిది. మేం వెళ్తున్నాం. భయం వల్ల రాదు, బుద్ధి తక్కువై రాదు, పక్కవాణ్ని చూసి అంటుకోదు. మెదడు మాటను కూర్చే తీరులోనే తేడా, వంశంలో కూడా వస్తుంది. భయం దాన్ని పెంచుతుంది, అంతే.

ఇక మా ఇంటి సంగతి. వాడికి నాలుగో ఏట మొదలైంది. ఒక సాయంత్రం బందరు కాలువ గట్టు మీదుగా స్కూటర్ మీద వస్తున్నాం. ముందు నిలబడ్డాడు, రెండు చేతులూ హ్యాండిల్ మీద. ఉన్నట్టుండి కాలువ వైపు చెయ్యి చాపి, "నాన్నా, క... క... క..." అన్నాడు. మెడ బిగిసింది, కళ్లు మూతపడ్డాయి. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నా నోట్లోంచి వచ్చేసింది: "నెమ్మదిగా చెప్పు నాన్నా. ఊపిరి పీల్చుకుని చెప్పు."

చిన్నప్పుడు ఆ మాట విని విని నాకు ఒళ్లు మండిపోయేది. మా మాస్టార్లు అన్నారు, మామయ్యలు అన్నారు, పెళ్లిచూపుల్లో మా అత్తగారి అన్నయ్య అన్నారు. చివరికి నేనే అన్నాను. కోపంతోనా? ఎంత ప్రేమతో అన్నానో నాకు తెలుసు.

వాడు చెయ్యి దించేశాడు. "ఏం లేదులే" అన్నాడు. ఆ రెండు ముక్కలూ తడబడకుండా వచ్చాయి. అది కొంగో, కాకో, కాలువలో కొట్టుకొచ్చిన కొబ్బరికాయో ఇప్పటికీ నాకు తెలీదు.

అప్పట్నుంచి నత్తి గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివినవాటిలో ఒకటి మాత్రం మీకు చెప్పి తీరాలి. 1939లో అమెరికాలోని అయోవాలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్, మేరీ ట్యూడర్ అనే తన విద్యార్థిని చేత అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేయించాడు. వాళ్లలో పది మందికి నత్తి ఉంది, పన్నెండు మందికి లేదు. లేనివాళ్లలో ఆరుగురిని విడదీసి, వాళ్ల మాటలో నత్తి లక్షణాలు కనిపిస్తున్నాయని, మాట్లాడే ముందు ఆలోచించుకోవాలని, సరిగ్గా అనగలిగితేనే నోరు తెరవాలని నెలల తరబడి చెప్పారు. ఆశ్రమంలో చూసుకునేవాళ్లకు కూడా, వీళ్లు తడబడినప్పుడల్లా సరిదిద్దమని పురమాయించారు. ఆ పిల్లలకు నిజంగా నత్తి అంటుకుందని చెప్పడానికి ఆధారాల్లేవు. మాట్లాడటం మాత్రం తగ్గించేశారు. అడిగితే ఒక ముక్క, లేకపోతే మౌనం. ఇంకో సంగతేమిటంటే, ఆ జాన్సన్ గారికే నత్తి ఉండేది. 2001లో ఒక పత్రిక ఇదంతా బయటపెట్టాక అయోవా యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. 2007లో ఆ రాష్ట్రం బాధితులకూ, పోయినవాళ్ల వారసులకూ కలిపి 9 లక్షల 25 వేల డాలర్లు ఇచ్చింది.

అనాథల మీద చేసిన ప్రయోగంతో మన బడుల్ని పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ ఆరుగురికీ చెప్పినవాటిలో తిట్టు ఒక్కటీ లేదు, అన్నీ సలహాలే. నాకు గుచ్చుకున్నది అది. స్కూటర్ మీద నేనన్నదీ సలహానే.

మరి మేం ఏం మాట్లాడినా తప్పేనా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మాటలు పడ్డ చెవులకు ఉండే రోగం కూడా చెప్పుకోవాలి. ఎవరేం అన్నా అందులో ముల్లు వెతకడం అలవాటైపోతుంది.

మా సందు చివరింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మావాడు కనపడితే చాలు, "మీ నాయనమ్మ నీకు వస కొమ్ము అరగదీసి నాకించలేదేంట్రా?" అనేవారు. మీకు తెలుసుగా, వస నాకిస్తే పిల్లలకు మాటలు గలగలా వస్తాయని మనవాళ్ల నమ్మకం. ఎక్కువ మాట్లాడేవాణ్ని వసపిట్ట అంటాం. డాక్టర్లేమో పసిపిల్లలకు అది పెట్టొద్దంటారు, వాంతులవుతాయని. ఒకరోజు నేను కొట్టులో చికాకు పడి వచ్చాను, ఆవిడ మళ్లీ అదే మాట అన్నారు. "మీ పని మీరు చూసుకోండి" అనేశాను. కోపంలో నాకు నత్తి రాదు, చాకులా వచ్చింది. ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. నెల రోజులు గుమ్మంలో కనపడలేదు.

తర్వాత మా ఆవిడ చెప్పింది. ఆ పిన్నిగారి తమ్ముడికి నత్తి ఉండేదట, బడిలో పడలేక మూడో తరగతిలోనే మానేశాడట. ఇంట్లో వస పెట్టలేదని వాళ్లమ్మ జీవితాంతం బాధపడిందట. ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే, దాన్ని మావాడికి అందించాలని చూశారు. నేను అరటిపళ్లు పట్టుకుని వెళ్లాను. తప్పు మాట్లాడాను పిన్నిగారూ అన్నాను. ఆవిడ పళ్లు అందుకుని, నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఇంతకీ వస పెట్టారా లేదా?" అన్నారు.

మా అమ్మ సంగతీ అంతే. నా చిన్నప్పుడు ఏటా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున, దుర్గమ్మను సరస్వతిగా అలంకరించే రోజున, నన్ను కొండకు తీసుకెళ్లేది. క్యూలో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ అడగకపోయినా చెప్పేది, "మావాడికి మాట రావాలని మొక్కుకున్నామండీ" అని. వాళ్లంతా నా వైపు తిరిగి చూసేవారు. అమ్మకు నేనంటే సిగ్గు అనుకునేవాణ్ని. మా అబ్బాయి పుట్టాక, వాడి కోసం నేనూ అదే క్యూలో నిలబడ్డాక, అది సిగ్గు కాదని తెలిసింది. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు, వాడు పక్కనే ఉన్నాడు కాబట్టి.

అందుకే టీచర్ గారి మాట మీద నాకు కోపం లేదు. ఆ మాటలో ఉన్న 'పాపం' అనే ముక్కే నాకు పడదు. చూడండి, చేసిన తప్పుకూ మనం పాపమనే అంటాం, జాలికీ పాపమనే అంటాం. పెద్దవాళ్లకు ఏది ఎక్కడో తెలుస్తుంది. ఏడేళ్లవాడికి తన పేరు పక్కన రోజూ ఆ ముక్క వినపడుతుంటే ఏమనుకుంటాడు?

క్లాసులో వాణ్ని కొందరు 'బఫరింగ్' అంటున్నారట. ఒకరోజు బిస్కెట్ తింటూ మామూలుగా చెప్పాడు. "ఎవరన్నారు? నీకు బాధేసిందా?" అని నేను గబగబా అడిగాను. వాడు నా వైపు వింతగా చూసి, ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకే. దెబ్బ వాడికి తగిలిందో, ముప్పై ఏళ్ల కిందటి నాకు తగిలిందో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు. అందుకని నెమ్మదిగా, రెండు రోజులాగి, మళ్లీ అడిగాను. ఒకడు అంటే మాత్రం నచ్చదన్నాడు. ఆ ఒక్కడి సంగతి క్లాస్ టీచర్ గారికి విడిగా చెప్పాను. ఆవిడ కూడా అందరి ముందూ ఏమీ అనకుండా ఆ అబ్బాయితో విడిగా మాట్లాడారు. అది నాకు చాలా నచ్చింది. ఎందుకంటే చాలా బళ్లలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నత్తి ఉన్నవాణ్ని నిలబెట్టి, "పాపం వీడు అలా పుట్టాడు, నవ్వకూడదు" అని క్లాసంతటికీ నీతి చెప్తారు. అప్పటిదాకా నలుగురికే పట్టిన సంగతి నలభై మందికీ తెలుస్తుంది. నా ఐదో తరగతిలో అదే జరిగింది. ఆ మాస్టారు ఆ రోజు తాను గొప్ప మేలు చేశాననే అనుకుని ఉంటారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పిల్లాడి మాట ఆగినప్పుడు మీరూ ఆగండి. మొహంలోకి మామూలుగా చూడండి, గడియారం వైపు కాదు. మాట అందించకండి, మీరు అందించిన మాట సరైనదే అయినా సరే. హాజరు పిలిచేటప్పుడు చెయ్యెత్తినా చాలని క్లాసు మొత్తానికి చెప్పండి, ఒక్కడికే చెప్పకండి. పాఠం పైకి చదివించేటప్పుడు ఇద్దరిద్దరి చేత కలిపి చదివించండి. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇంకొకరితో గొంతు కలిపితే మాట ఆగదు. మా నాన్న కొట్టుకు వెళ్లే ముందు రోజూ నాతో కలిసి పేపర్ చదివేవాడు, ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆయనకూ తెలిసి చేశాడని నేననుకోను.

పాడినా అంతే. రాగంలో మాట ఆగదు, ఎక్కువమందికి. ఆ గేటు దగ్గర నా గొంతు సహకరించి ఉంటే టీచర్ గారికి నేను చెప్పాలనుకున్నది ఇదే. మావాడు పొద్దున స్నానం చేస్తూ పద్యం అందుకుంటాడు. చిన్న ఆటవెలది. బకెట్ మీద తాళం వేస్తూ, చివరి పాదం రెండుసార్లు లాగి మరీ చదువుతాడు. బాత్రూమ్ తలుపు అవతల నిలబడి వింటాను. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగడు. స్టేజీ మీద ఆగడని మాట ఇవ్వలేను. ఆగొచ్చు, మైకు చూడగానే బిగుసుకుపోవచ్చు, ఎవరో నవ్వొచ్చు. వాడు ఏడవొచ్చు కూడా. మాకు ఏ పూటకాపూట తేడా, నిన్న వచ్చిన మాట ఇవాళ రాదు.

కానీ వాణ్ని ఎవరూ అడగలేదండీ. మీరడగలేదు, గేటు దగ్గర నేనూ అడగలేదు. వాడి తల మీదుగా మనిద్దరం మాట్లాడేసుకుని చెట్టును చేసేశాం. అక్టోబర్ 22 ప్రపంచమంతా నత్తి గురించి మాట్లాడుకునే రోజు, 1998 నుంచీ జరుపుతున్నారు. ఆ రోజు మీ బళ్లలో ఉపన్యాసాలు పెట్టమని నేను అడగను. మీ క్లాసులో అలాంటి పిల్లాడో పిల్లో ఉంటే ఇంటర్వెల్‌లో ఒంటరిగా పిలిచి, నీకెలా ఉంటే బాగుంటుంది అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా బెల్లు కొట్టినా కదలకండి.

నిన్న రాత్రి అన్నాలు తిన్నాక నేనూ అడిగాను. పద్యం చెప్తావా, చెట్టు వేస్తావా, నీ ఇష్టం అన్నాను. 'చ' దగ్గర చాలాసేపు పట్టింది. మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి చెప్పాడు: చెట్టు వేషం బాగుంది, ఆకులు కావాలి, ఆకులు కట్టుకుని పద్యం చెప్తాను, చెట్టు పద్యం చెప్పకూడదని ఎవరన్నారు అని.

మేడమ్ గారూ, 14న కొట్టు మధ్యాహ్నానికే కట్టేసి వస్తాను. ఆకులు మేమే తెస్తాం.

ఇట్లు,
రెండో తరగతి పిల్లాడి తండ్రి,
పటమట, విజయవాడ